కొత్త కుండ: డైరీ పుటలు

2024 జూలై 15, సోమవారం

అన్న డయాలసిస్ మిషన్ ఎక్కబట్టి ఇవ్వాళ్టికి పదకొండు నెలలు. సోమ, బుధ, శుక్ర. పొద్దున ఏడింటికి ఎక్కితే పదకొండింటికి దిగుతాడు. ఆ నాలుగు గంటలు నాకు బయట బెంచీ, ఒడిలో కాగితాలు. అనువాదాల పనికి ఇంత కుదురైన చోటు ఇంట్లో కూడా దొరకదు.

ఇవ్వాళ ఒడిలో ఉన్నది కిడ్నీ రోగులకు పంచే పదహారు పేజీల పుస్తకం. నేను తెలుగు చేసి పంపితే ఎర్ర సిరా పూసుకొని తిరిగొచ్చింది. నేను ‘కిడ్నీ’ అని రాసిన ప్రతిచోటా కొట్టేసి ‘వృక్కము’ అని దిద్దారు. కిడ్నీ చెడిపోవడం ‘వృక్క వైఫల్యము’ అయింది. మార్జిన్‌లో ఒక వాక్యం: ‘మన పదం ఉండగా పరాయి మాట ఎందుకు?’

లెక్కపెట్టాను. నలభై మూడు దిద్దుబాట్లు.

లోపలికి వెళ్లి అన్నకు ఒక పేరా చదివి వినిపించాను. కళ్లు మూసుకొనే విన్నాడు.

‘ఏందే చెల్లె, వృక్కమంటే? నాకు గా రోగం ఎప్పుడొచ్చింది?’

పక్క మంచం మీది పెద్దాయన తల తిప్పి, ‘కొత్తదున్నట్టుంది తమ్మీ. దానికి ఆరోగ్యశ్రీ వర్తిస్తదో లేదో ముందుగాల అడుగు’ అన్నాడు.

అన్న నవ్వు ఆపుకోలేక సూదులున్న చెయ్యి కదిపాడు. మిషన్ కుయ్యోమని మొత్తుకుంది. సిస్టర్ పరుగెత్తుకొచ్చి నన్ను బయటికి పంపేసింది.

బెంచీ మీద కూర్చుంటే కోపం తగ్గింది కానీ ఆ మాట వదల్లేదు. వృక్కం. ఎక్కణ్నుంచి వచ్చింది ఇది? దిద్దినాయన ‘మన పదం’ అన్నాడు. ఎవరి పదమో చూద్దాం.

జూలై 17, బుధవారం

తొలి ఏకాదశి. వదిన పేలపిండి చేసింది. అన్నకు చిటికెడు. అదీ చేతిలో కాదు, నాలుక మీద వేసింది.

సాయంత్రం మేనకోడలి పదో తరగతి జీవశాస్త్రం తెరిచాను. విసర్జన పాఠం. అవయవం పేరు మూత్రపిండం. దానిలోకి రక్తం తెచ్చే గొట్టం పేరు వృక్క ధమని, బయటికి తీసుకుపోయేది వృక్క సిర. ఇంటికి ఒక పేరు, ఆ ఇంటికి పోయే బాటకు ఇంకో పేరు. దానితో మాట్లాడే డాక్టరేమో నెఫ్రాలజిస్టు. ఆ ‘నెఫ్రో’ గ్రీకుల కిడ్నీ. పిడికిలంత అవయవానికి ఇన్ని భాషల కాపలా.

‘మూత్రపిండం అని రాస్తే ఎట్లుంటదన్నా?’ అని అడిగాను.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘పిండం అంటే నాకు వేరేది యాదికొస్తదే’ అన్నాడు.

నాకది తట్టనే లేదు. పిండం అంటే ముద్ద, గుండ్రటి మాంసపు ముద్ద. పుస్తకంలో అంతే. మంచం మీద పడుకున్నవాడికి అది కాకికి పెట్టే ముద్ద. పదకోశాలు కూర్చేవాళ్లు కూర్చొని కూరుస్తారు, రోగి పడుకొని వింటాడు. ఈ తేడా ఏ నిఘంటువులోనూ రాదు.

అయినా ‘మూత్రపిండం’ పనిమంతురాలి పేరు. ఈ అవయవం మూత్రం తయారుచేస్తుందని ముందే తెలిసినవాళ్లే ఆ పేరు పెట్టగలరు. మరి వృక్కంలో మూత్రం ఊసే లేదు. ఆ పేరు పెట్టినవాళ్లకు అప్పటికి ఏం తెలుసు?

జూలై 19, శుక్రవారం

రెండు రోజులుగా చరకుడు, సుశ్రుతుడు. నాన్న అలమారలో మిగిలిన పాత పుస్తకాలు. చెదలు మొదటి పేజీలు తిన్నాయి కానీ నాకు కావలసిన చోట ఆగాయి.

చరక సంహిత విమానస్థానం 5వ అధ్యాయంలో ఒంట్లోని స్రోతస్సుల లెక్క ఉంది. ఏ వాహిక ఎక్కడ పుడుతుందన్న జాబితా. మూత్రవాహికల దగ్గర వృక్కం కోసం వెతికాను. లేదు. అక్కడున్నది వస్తి, అంటే మూత్రాశయం, దాంతోపాటు గజ్జలు. వృక్కాలు కనిపించింది మేదస్సు దగ్గర. కొవ్వును మోసే వాహికలకు మూలం వృక్కాలూ, వపావహనమూ అట. వప అంటే పొట్టలో పేగుల మీద పొరలా పరుచుకునే కొవ్వు.

సుశ్రుతుడు కూడా అదే దారి. శారీరస్థానంలో వృక్కాలు రక్తమూ మేదస్సూ తేటపడితే పుట్టినవి. మేదోవాహికలకు మూలం నడుమూ వృక్కాలూ. శార్ఙ్గధరుడు ఇంకా సూటిగా, పొట్టలోని కొవ్వును పోషించేవి వృక్కాలు అంటాడు.

అంటే మన వైద్యుల లెక్కలో వృక్కానికీ ఉచ్చకూ సంబంధం లేదు!

మరి మూత్రం ఎక్కణ్నుంచి వస్తుంది? దానికి సుశ్రుతుడి జవాబు నిదానస్థానం 3వ అధ్యాయంలో ఉంది. పక్వాశయం నుంచి కంటికి కనిపించనంత సన్నని వేల నాడుల గుండా మూత్రాశయంలోకి ఊరుతుంది. ఎట్లాగంటే, కొత్త కుండను మూతిదాకా నీళ్లలో దించి పెడితే, మూతిలోంచి చుక్క పోకపోయినా పక్కల నుంచి ఊరి నిండుతుందే, అట్లా.

పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. కొత్త కుండ ఊరడం నాకు తెలుసు. ఎండాకాలం అమ్మ కొత్త రంజన్ కొన్నప్పుడు మొదటి రెండు రోజులు దాని కింద గిన్నె పెట్టేది. కుండ ఒళ్లంతా చెమట పట్టేది. ఆయన ఆ చెమటను లోపలి వైపు నుంచి చూశాడు.

ఆయన కుండ అందంగా ఉంది. చోటు తప్పింది.

పడమట ఈ ముడి విప్పినవాడు గేలెన్ అనే వైద్యుడు, క్రీ.శ. 2వ శతాబ్దం. బతికున్న జంతువుల్లో కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టాలను దారంతో కట్టేశాడు. మూత్రాశయం ఖాళీగా ఉండిపోయింది, ముడికి పైన గొట్టం ఉబ్బింది. ముడి విప్పగానే మూత్రాశయం నిండింది. ఒక దారం, ఒక ముడి. వాదం అయిపోయింది.

జూలై 22, సోమవారం

మూడున్నర కిలోల నీళ్లు పెరిగి వచ్చాడు. అంతా తీయబోతే మూడో గంటలో బీపీ పడిపోయింది. పిక్కలు పట్టుకుపోయి అరిచాడు. కాళ్లు పైకెత్తి, సెలైన్ ఎక్కించి, పావుగంట.

నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. అథర్వవేదం 7వ కాండలో ఒక చిన్న మంత్రం ఉందని నిన్న రాత్రే చదివాను. కొట్టంలో ఆవులనూ గూట్లో పక్షులనూ కదలని కొండలనూ తలుచుకొని, రెండు వృక్కాలనూ వాటి చోట నిలిపి ఉంచే మంత్రం. అప్పటివాళ్లకు అవి ఏం పని చేస్తాయో తెలియదు. కదిలిపోతే మనిషి దక్కడని మాత్రం తెలుసు.

ఇంకేమీ రాయను ఇవ్వాళ.

జూలై 28, ఆదివారం

లాల్‌దర్వాజా బోనాలు. పొద్దున ఏడింటికే మటన్ కొట్టు ముందు వరుస వీధి మలుపు దాకా ఉంది. పొట్టేళ్లు వేలాడుతున్నాయి. భాయ్, ఆయన కొడుకు, ఇద్దరు పనివాళ్లు. కత్తి మొద్దు మీద పడుతున్న చప్పుడు డప్పుల చప్పుడులో కలిసిపోయింది.

నా వంతు వచ్చేసరికి భాయ్ ఒక వేట పొట్ట తెరిచి ఉంచాడు. కార్జం తీశాడు, తిల్లి తీశాడు. తర్వాత వెన్నుకు అతుక్కొని ఉన్న తెల్లటి ముద్దలోకి చెయ్యి పెట్టాడు. మైనంలా గట్టి కొవ్వు. బొటనవేలితో చీల్చి, చింతపండు బొట్ట నుంచి గింజ తీసినట్టు ఒత్తాడు. లోపలి నుంచి నున్నగా, ముదురు ఎరుపుతో చిక్కుడు గింజ ఆకారంలో బయటపడింది.

‘గుర్దా అక్కా. చర్బీల దాక్కొని ఉంటది ఇది. వెయ్యాల్నా?’

నేను జవాబు చెప్పకుండా ఆయన చేతిలోని చర్బీని చూస్తూ నిలబడ్డాను. చరకుడి మేదస్సు. శార్ఙ్గధరుడి కొవ్వు. వాళ్లు ఊహించి రాయలేదు. చూసి రాశారు. యజ్ఞపశువును కోసినవాడు, మాంసం కొట్టినవాడు ఎవడైనా మొదట చూసేది ఇదే: కొవ్వు నట్టనడుమ రెండు గింజలు. దేని ఒళ్లో ఉందో దానికి చెందిందనుకున్నారు. కత్తి చూపించినంతవరకు అది నిజమే. కోసినప్పటికి మూత్రం ఆగిపోయి ఉంటుంది కదా. చచ్చిన అవయవం పని చేసి చూపదు. గేలెన్ బతికున్నదానికి కట్టాడు ముడి.

‘అన్నకు ఎట్లుంది?’ అని అడిగాడు భాయ్, తూకం వేస్తూ. రోజు విడిచి రోజు సూదులు పడుతున్నాయని చెప్పాను.

‘గా పనికి దిల్ గుర్దా కావాలక్కా’ అన్నాడు, కత్తి మొద్దుకు దించి.

దిల్ గుర్దా. మనం గుండె ధైర్యం అంటాం. ఉర్దూలో గుండె ఒక్కటే చాలదు, పక్కన కిడ్నీ కూడా ఉండాలి. ఆ మాట ఆయన నోట్లోంచి అలవాటుగా వచ్చింది. నాకు మాత్రం గొంతు పట్టుకుంది. అన్న దగ్గర లేనిది అదే, ఉన్నదీ అదే.

జూలై 29, సోమవారం

రాత్రి నిద్ర పట్టలేదు. గుర్దా, వృక్కం. ఒకటి మటన్ కొట్టుది, ఒకటి పండితుడిది. రెండూ పక్కపక్కన రాసుకొని చూస్తుంటే అనుమానం వచ్చింది. నిఘంటువులు తిరగేశాను. నిజమే.

ఇవి రెండూ ఒకే మాట.

సంస్కృతంలో వృక్క. దాని చుట్టం అవెస్తాలో వెరెద్క. అది పాత ఇరాన్ నేల మీద నడిచి నడిచి నడిమికాలపు పర్షియన్‌లో గుర్దగ్ అయింది, చివరి గకారం రాలిపోయి ఫార్సీ గుర్దా అయింది. ఫార్సీ ఉర్దూకు ఇచ్చింది, ఉర్దూ హైదరాబాదుకు ఇచ్చింది. మన వైపు వచ్చిన కొమ్మ వేదంలో, వైద్యగ్రంథాల్లో ఉండిపోయి పాఠ్యపుస్తకంలో తేలింది. వేల ఏళ్ల కింద విడిపోయిన అక్కచెల్లెళ్లు ఒకే నగరంలో ఉన్నారు. ఒకరు బడిలో, ఒకరు మటన్ కొట్టులో. ఒకరి ముఖం ఒకరు గుర్తుపట్టరు.

వకారం గకారం ఎట్లా అయిందంటే, అది ఫార్సీకి అలవాటే. మన వృకం, అంటే తోడేలు, అక్కడ గుర్గ్. మన వరాహం అక్కడ గురాజ్. గులాబీలోని ‘గుల్’ కూడా ఒకప్పుడు ‘వర్ద’ లాంటి మాటే. ఇంకో పక్క యకారం జకారమైంది. యకృత్తుకూ జిగర్‌కూ ఒకటే వేరు. కాబట్టి మా వీధి పోరగాళ్లు ‘జిగ్రీ దోస్త్’ అన్నప్పుడల్లా కార్జం సాక్షిగా స్నేహం చేస్తున్నట్టే.

మిషన్ మీదున్న అన్నకు ఇదంతా చెప్పాను. తోడేలు దగ్గర ఆపాడు.

‘వృకోదరుడంటే భీముడు కదనే. తోడేలు పొట్టోడు.’

‘అవును. ఎంత తిన్నా చాలదు.’

‘నాది వృక్కోదరం. ఎంత తక్కువ తిన్నా ఎక్కువే.’

తమిళంలో కిడ్నీని గుండిక్కాయ్ అంటారని కూడా చెప్పాను. మన గుండెకాయకు ఎంత దగ్గర! ‘అరవోళ్ల దుకాణంల గుండెకాయ అడిగితే కిడ్నీ ఇస్తరా?’ అన్నాడు. ‘ఇస్తె ఒకటి నాకు తెచ్చి పెట్టు.’

నవ్వాం ఇద్దరం. ఈసారి చెయ్యి కదపలేదు. నేర్చుకున్నాడు.

ఆగస్టు 2, శుక్రవారం

ఇవ్వాళ డ్యూటీలో ఉన్న సిస్టర్‌ది గుంటూరు వైపు. నా కాగితాలు చూసి ఏంటని అడిగితే చెప్పాను. కాసేపాగి తన సంచిలోంచి చిన్న బైబిలు తీసింది.

‘దీన్లో కూడా ఉందా అక్కా కిడ్నీ?’

ఉందని నాకు తెలుసు. లేవీయకాండం 3వ అధ్యాయం తెరిచాం. బలి పశువులో దేవుడి కోసం కాల్చవలసినవి: రెండు మూత్రగ్రంథులు, వాటి మీది కొవ్వు, కాలేజం మీది వప. తెలుగు చేసినవాళ్లు సరిగ్గా ‘వప’ అనే రాశారు. చరకుడు వృక్కాల పక్కన పెట్టిన మాటే! యెరూషలేము బలిపీఠం దగ్గరా కొవ్వులో ఒదిగిన ఆ జంటనే చూశారు, మన యజ్ఞశాల దగ్గరా దాన్నే చూశారు. మతాలు వేరు, కత్తి చూపించింది ఒకటి.

తర్వాత యిర్మీయా 17వ అధ్యాయం తీయమన్నాను. హృదయాన్నీ అంతరింద్రియాల్నీ పరీక్షించే దేవుడు. ‘ఇక్కడ అంతరింద్రియములు అన్నచోట హీబ్రూలో ఉన్నది కిడ్నీలే’ అన్నాను.

సిస్టర్ నమ్మలేదు. ‘అంతరింద్రియాలంటే మనసనుకున్నానండీ! మా అమ్మ ఇన్నేళ్లు చదివింది, ఆమెకీ తెలియదు.’

హీబ్రూ మాట కెలయోత్. అరబ్బీలో కిడ్నీకి కుల్యా అన్న మాట దాని చుట్టమే. పాత హీబ్రూ ప్రార్థనల్లో మనిషి లోలోపలి బుద్ధి, ఎవరికీ కనిపించని తలపు ఉండే చోటు కిడ్నీ. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు దాన్ని లాటిన్ నుంచి వచ్చిన ‘రెయిన్స్’ అన్న మాటతో ఉన్నదున్నట్టే ఉంచింది. తెలుగువాళ్లు ఉంచలేకపోయారు. ఒకే హీబ్రూ మాటను బలిపీఠం దగ్గర మూత్రగ్రంథి చేశారు, ప్రార్థన దగ్గర అంతరింద్రియం చేశారు. దేవుడు నా మూత్రగ్రంథులను పరిశోధిస్తున్నాడని ఏ తెలుగు భక్తుడు మోకరిస్తాడు?

నాకు వాళ్ల మీద గౌరవం కలిగింది. మాట ఎక్కడ చెబుతున్నామో, ఎవరు వింటున్నారో చూసుకున్నారు. ఎర్ర సిరాకు ఇది చెప్పాలి.

సిస్టర్ బైబిలు సంచిలో పెట్టుకుంటూ, ‘అయితే ఆయన రోజూ చూసేది క్రియాటినిన్ అన్నమాట’ అంది.

ఆగస్టు 5, సోమవారం

ఇవ్వాళ మొదటిసారి డయలైజర్‌ను తీరిగ్గా చూశాను. పదకొండు నెలలుగా అన్న తల పక్కనే ఉంది, నేను చూడలేదు. జానెడున్నర పొడవు పారదర్శకమైన గొట్టం. లోపల జడలా కట్టిన తెల్లటి దారాలు, వేల కొద్దీ. ఒక్కొక్కటీ వెంట్రుకంత, లోపల బోలు. అన్న రక్తం ఆ దారాల్లోంచి పోతుంది, దారాల చుట్టూ ఉప్పునీళ్లు ఎదురు దిశలో పోతాయి. రెండూ ఎక్కడా కలవవు. మలినం దారం గోడల గుండా ఊరి నీళ్లలోకి పోతుంది.

పక్కల నుంచి ఊరి.

లేచి నిలబడ్డాను.

అసలు కిడ్నీ అయినా అంతే కదా. మేనకోడలి పుస్తకంలో బొమ్మ ఉంది. 1842లో లండన్‌లో విలియం బౌమన్ సూక్ష్మదర్శినిలో చూసి చెప్పింది: సన్నని రక్తనాళాల గుచ్ఛం, దాన్ని పొదివి పట్టుకున్న ఒక చిన్న గిన్నె. పిల్లలు భౌమన్ గుళిక అని బట్టీపడతారు. ఆ గిన్నెలోకి నీళ్లు మూతిలోంచి రావు. రక్తనాళం గోడ, గిన్నె గోడ, ఆ గోడల గుండా ఊరుతాయి. ఒక్కో కిడ్నీలో అలాంటివి సుమారు పది లక్షలు. రెండింట్లో కలిపి రోజుకు 180 లీటర్లు ఊరితే, ఒంటికి కావలసిందంతా వెనక్కి తీసుకోగా మిగిలే ఒకటిన్నర లీటరే మూత్రం.

సుశ్రుతుడి కొత్త కుండ చోటు తప్పిందనుకున్నాను. చోటే తప్పింది, కుండ తప్పలేదు. మూత్రాశయంలోంచి ఎత్తి, ఆవగింజ కన్నా ఎంతో చిన్నది చేసి, ఆయన కొవ్వుకు రాసిచ్చిన వృక్కంలోనే పెడితే సరిపోయేది. రెండు అధ్యాయాల మధ్య దూరం. కలపడానికి కావలసిన దారం వేరేవాడి చేతిలో ఉండింది.

పదకొండింటికి సిస్టర్ సెలైన్‌తో రక్తం వెనక్కి పంపింది. ఎర్రటి జడ మెల్లగా పైనుంచి కిందికి గులాబీ రంగుకు తిరిగి, తెల్లబడింది. సూదులు తీసి దూది ఒత్తి పట్టుకోమంది. పది నిమిషాలు నేనే పట్టుకున్నాను. నా వేళ్ల కింద అన్న ఫిస్టులా, సూదులు గుచ్చే ఆ నరం, గుయ్యిమంటోంది, లోపల తుమ్మెద ఉన్నట్టు. గుర్దా అంటే ధైర్యమన్న మాట భాయ్‌ది. ఇవ్వాళ అది నా వేళ్లకు తగిలింది.

ఇంటికొచ్చి పుస్తకం ముందు కూర్చున్నాను. నలభై మూడు చోట్లా ‘వృక్కము’ తీసేసి ‘కిడ్నీ’ అని తిరిగి రాశాను. మార్జిన్‌లోని ప్రశ్నకు ఇట్లా జవాబు పెట్టాను:

‘వృక్కం నాకూ ఇష్టమే. కానీ అది కోసి చూసినవాళ్ల మాట. మూత్రపిండం పరీక్ష చేసి తెలుసుకున్నవాళ్ల మాట. ఈ పుస్తకం చదివేది ఆ అవయవం చెడిపోయినవాళ్లు. వాళ్ల నోట్లో ఉన్న మాట కిడ్నీ. పరాయిదే అయినా, వాళ్లు దానితో వారానికి మూడు రోజులు కాపురం చేస్తున్నారు. పరాయితనం లెక్కే చూడాలంటే మీరు తోసేసే గుర్దా మీ వృక్కానికి సొంత చెల్లెలు.’

చివరి వాక్యం కొట్టేశాను. మళ్లీ రాశాను. ఉండనీ.

‘కిడ్నీ ఎట్లా పనిచేస్తుంది?’ అన్న రెండో పేజీలో జల్లెడ పోలిక ఉండింది, ఇంగ్లీషులో ఉన్నదే. దాన్నీ తీసేశాను. అక్కడ ఇప్పుడు నీళ్లలో దించిన కొత్త కుండ ఉంది.

అన్నకు చదివి వినిపించాను. ‘గిది అర్థమైంది’ అన్నాడు. కాసేపాగి, ‘అమ్మ రంజన్ కింద గిన్నె పెట్టేది, యాదుందా?’ అని అడిగాడు.